తుమ్ము తగ్గాలి... మత్తు ఎందుకు?

మన ఊళ్లలో ఏ మందుల షాపు ముందు పది నిమిషాలు నిలబడినా ఈ మాట చెవిన పడుతుంది. "పొద్దున్నుంచీ ఒకటే తుమ్ములండీ, ముక్కు ధారగా కారుతోంది, ఏదైనా బిళ్ల ఇవ్వండి." షాపులో అబ్బాయి సొరుగులోంచి ఒక స్ట్రిప్ తీసి, కత్తెరతో నాలుగు బిళ్లలు కత్తిరించి, చిన్న కాగితం కవర్లో వేసి ఇస్తాడు. కత్తిరించిన ముక్క మీద మందు పేరు సగమే మిగులుతుంది, కొన్నిసార్లు అదీ ఉండదు. "రాత్రి పడుకునే ముందు వేసుకోండి, కాస్త మత్తుగా ఉంటుంది" అని ఒక మాట చెబుతాడు. కొన్న మనిషి తలూపి బండెక్కి వెళ్లిపోతాడు.

ఆ మత్తు మాట మీద ఎవరికీ అనుమానం రాదు. పైగా నిద్ర ముంచుకొస్తే మందు బాగా పట్టిందని అనుకునేవాళ్లే ఎక్కువ. జలుబు బిళ్ల వేసుకోవడం, ముసుగు తన్ని పడుకోవడం, తెల్లారాక బరువెక్కిన తలతో లేవడం... ఇదంతా వైద్యంలో భాగమేనని తరాలుగా అలవాటు పడిపోయాం. కాదు. తుమ్ములు తగ్గడం ఒక పని, మత్తు రావడం ఇంకో పని. మొదటిది ముక్కులో జరుగుతుంది. రెండోది మెదడులో జరుగుతుంది. అక్కడ ఆ మందుకు అసలు పనే లేదు. మెదడు జోలికి పోకుండా తుమ్ములు తగ్గించే మందులు వచ్చి నలభై ఏళ్లవుతోంది. అయినా మన ఇళ్లలో, మన షాపుల్లో పాత బిళ్లదే రాజ్యం. దానివల్ల జరిగే నష్టం కంటికి కనిపించదు గనక ఎవరూ లెక్కలోకి తీసుకోవడం లేదు. ఆ నష్టం చిన్నది కాదు.

ఒకే దుమ్ము... ఒకరికే తుమ్ము

సంక్రాంతికి ముందు ఇల్లు దులిపే రోజు గుర్తు తెచ్చుకోండి. అటక మీది సామాను దించుతాం, బూజు కొడతాం, పాత పరుపులు ఎండలో వేసి దులుపుతాం. ఇంట్లో నలుగురుంటే ముగ్గురికి ఏమీ కాదు. నాలుగో మనిషి మాత్రం వరసపెట్టి తుమ్మి, కళ్లు ఎర్రబడి, ముక్కు చీదుకుంటూ వీధిలోకి పరుగు తీస్తారు. అందరూ పీల్చింది ఒకే దుమ్ము. తేడా ఉన్నది మనిషి ఒంట్లో.

పరుపుల్లో, దిండ్లలో కంటికి కనిపించని పురుగులుంటాయి. డాక్టర్లు వాటిని డస్ట్ మైట్స్ అంటారు. మన చర్మం నుంచి రాలే పొట్టు తిని బతుకుతాయి. గాలిలో తేమ ఉంటే బాగా పెరుగుతాయి కాబట్టి మన కోస్తా వాతావరణం వాటికి భలే అనువు. వాటి విసర్జనలో ఉండే ప్రొటీన్లు విషమేమీ కాదు. కానీ అలర్జీ తత్వం ఉన్నవారి రోగనిరోధక వ్యవస్థ వాటిని శత్రువులుగా పొరబడుతుంది. మొదట తారసపడినప్పుడు పైకి ఏమీ తెలియదు. లోపల మాత్రం ఆ ప్రొటీన్‌ను గుర్తుపట్టే ఐజీఈ అనే యాంటీబాడీలు తయారవుతాయి. అవి ముక్కు పొరల్లో, కళ్లలో, చర్మంలో, ఊపిరి గొట్టాల్లో ఉండే మాస్ట్ కణాలను అంటిపెట్టుకుని కాచుకుంటాయి. మాస్ట్ కణాలను జర్మన్ శాస్త్రవేత్త పాల్ ఎర్లిక్ 1878లోనే వర్ణించారు. ఐజీఈ మాత్రం 1966 దాకా ఎవరికీ చిక్కలేదు. అమెరికాలోని డెన్వర్‌లో పనిచేస్తున్న జపాన్ దంపతులు కిమిషిగె, తెరుకో ఇషిజాకా దాన్ని పట్టుకున్నారు. ఇంచుమించు అదే కాలంలో స్వీడన్ శాస్త్రవేత్తలు మరో దారిలో అక్కడికే చేరారు.

ఆ తర్వాత అదే దుమ్ము మళ్లీ ముక్కులోకి వెళ్లిందంటే నిమిషాల్లో మాస్ట్ కణాలు తాము దాచుకున్న హిస్టమిన్‌ను బయటికి వదిలేస్తాయి. అది నరాల చివళ్లను తాకితే దురద, తుమ్ములు. సన్నటి రక్తనాళాలను తాకితే అవి వెడల్పై, గోడలు వదులై, నీరు బయటికి ఊరి వాపూ ఎరుపూ వస్తాయి. ముక్కు గ్రంథులు రెచ్చిపోతే ధారగా కారుతుంది. చర్మంలో జరిగితే దద్దుర్లు. హిస్టమిన్ ఇలాంటి పనులు చేస్తుందని లండన్‌లో హెన్రీ డేల్, పాట్రిక్ లెయిడ్‌లా 1910లోనే చూపించారు.

దుమ్ము ఒక్కటే కాదు, పుప్పొడి కూడా. మన పొలం గట్ల మీద, ఖాళీ స్థలాల్లో తెల్లటి చిన్న పూలతో మొలిచే వయ్యారిభామ అందరికీ తెలుసు. మన దేశంలో 1950లలో పుణె ప్రాంతంలో కనబడిన ఈ కలుపు ఇప్పుడు లేని ఊరు లేదు. దాని పుప్పొడి ముక్కు అలర్జీకి ఎలా కారణమవుతుందో బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో పి.వి. సుబ్బారావు బృందం 1980లలో లోతుగా పరిశోధించింది. సర్కారు తుమ్మ పుప్పొడీ అంతే. అమెరికాలో ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో జనాన్ని సతాయించే ర్యాగ్‌వీడ్ మన వయ్యారిభామ కుటుంబంలోదే. ఒకటి పడనివారికి రెండోదీ పడకపోవచ్చు. ఇక టెక్సాస్‌లో స్థిరపడిన మనవాళ్లను అడిగితే డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా కొండ సీడర్ చెట్ల పుప్పొడి పెట్టే బాధ గంటసేపు చెబుతారు.

హిస్టమిన్ పని కళ్లారా చూడాలంటే అలర్జీ క్లినిక్కులో చేసే చర్మ పరీక్ష చూడాలి. ముంజేతిని లోపలి వైపు తుడిచి, పెన్నుతో వరసగా గుర్తులు పెట్టి, ఒక్కో గుర్తు పక్కన ఒక్కో చుక్క వేస్తారు. ఒకటి దుమ్ము పురుగుల సారం, ఒకటి పుప్పొడి సారం, ఒకటి బొద్దింకల సారం. వాటితో పాటు ఒక చుక్క వట్టి సెలైన్, మరో చుక్క హిస్టమిన్. చుక్క మీదుగా సూదిమొనతో పైచర్మాన్ని ఇలా తాకించి అలా తీసేస్తారు, నెత్తురు రాదు. పావుగంట ఆగితే సెలైన్ దగ్గర ఏమీ ఉండదు. హిస్టమిన్ చుక్క దగ్గర పాలిపోయిన దద్దురు ఉబ్బి, చుట్టూ ఎర్రటి వలయం పరుచుకుని, గోకకుండా ఆగలేనంత దురద పెడుతుంది. మీకు ఏది పడదో ఆ చుక్క దగ్గరా అచ్చం అదే జరుగుతుంది. నర్సు స్కేలు పెట్టి కొలుస్తుంది. సెలైన్ చుక్క కన్నా 3 మిల్లీమీటర్లు ఎక్కువ ఉబ్బితే ఆ పదార్థానికి మీ ఒళ్లు స్పందిస్తున్నట్టు.

ఈ పరీక్షకు దాదాపు వారం ముందు నుంచే అలర్జీ బిళ్లలు ఆపేయమంటారు. ఆపకపోతే హిస్టమిన్ చుక్క దగ్గర కూడా దద్దురు సరిగా లేవదు. ఆ చిన్న బిళ్ల ఒంట్లో ఎంత బలంగా పనిచేస్తుందో ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

బిళ్ల లోపలికి వెళ్లాక

హిస్టమిన్ తనంతట తాను తుమ్ము తెప్పించలేదు. నరాల మీద, రక్తనాళాల మీద హెచ్1 అనే రిసెప్టర్లుంటాయి, వాటి ద్వారానే దాని మాట చెల్లుతుంది. ఆ రిసెప్టర్‌ను ఒక తక్కెడ అనుకోండి. ఒక పళ్లెం బరువైతే అది పనిలోకి దిగుతుంది, రెండోది బరువైతే పని మానుతుంది. ఎవరూ ముట్టుకోకపోయినా అటూ ఇటూ కొద్దికొద్దిగా ఊగుతూనే ఉంటుంది. హిస్టమిన్ వచ్చి మొదటి పళ్లెంలో కూర్చుంటుంది. యాంటీ హిస్టమిన్ మందు రెండో పళ్లెంలో కూర్చుని తక్కెడను పని మానే వైపు మొగ్గిస్తుంది. హిస్టమిన్ దారికి మందు అడ్డంగా నిలబడుతుందని మాత్రమే చాలాకాలం అనుకున్నారు. రిసెప్టర్‌నే నిద్రపుచ్చుతుందని తర్వాత తేలింది.

ఇది మందు వాడే వారందరికీ పనికొచ్చే సంగతి. అప్పటికే ఊరిన నీటిని, లేచిన వాపును ఈ మందు వెనక్కి తీసుకోలేదు. రాబోయేదాన్ని ఆపగలదు. కాబట్టి ముక్కు కారి కారి సొమ్మసిల్లాక వేసుకోవడం కన్నా ఇల్లు దులపడానికి ఒకటి రెండు గంటల ముందే వేసుకుంటే ఫలితం బాగుంటుంది. ఏటా ఒకే కాలంలో బాధ మొదలయ్యేవారు డాక్టరు చెప్పిన ప్రకారం ఆ కాలమంతా రోజూ వాడితే, తోచినప్పుడల్లా ఒకటి మింగేవారికన్నా సుఖపడతారు. కొత్త తరం మందుల్లో చాలావరకు గంట రెండు గంటల్లో పని మొదలుపెట్టి రోజంతా నిలుస్తాయి, రోజుకు ఒక్క బిళ్ల చాలు.

మెదడుకూ అదే హిస్టమిన్ కావాలి

మెదడు అడుగున హైపోథాలమస్ అనే చోట హిస్టమిన్ తయారుచేసే చిన్న నరకణాల గుంపు ఒకటుంది. అక్కడి నుంచి మెదడులోని అన్ని మూలలకూ అది అందుతుంది. ముక్కులో ఇంత చిరాకు పెట్టే రసాయనమే మెదడులో మెలకువను నిలబెడుతుంది. పాఠం మీద మనసు నిలవడానికీ, చదివింది గుర్తుండడానికీ, అడ్డం వచ్చిన మేకపిల్లను చూసి బ్రేకు నొక్కడానికీ దాని సాయం కావాలి. అక్కడా అది పనిచేసేది హెచ్1 రిసెప్టర్ల మీదే. యాంటీ హిస్టమిన్ మెదడులోకి చొరబడితే ముక్కులో చేసిన పనే అక్కడా చేస్తుంది.

మొదటి యాంటీ హిస్టమిన్‌ను పారిస్ పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో డేనియల్ బోవె 1937లో కనిపెట్టారు. 1957లో ఆయనకు నోబెల్ వచ్చింది. 1943లో అమెరికాలోని సిన్సినాటీలో జార్జ్ రీవెషల్ డైఫెన్‌హైడ్రమిన్‌ను తయారుచేశారు. ఆ వెనకే క్లోర్‌ఫెనిరమిన్ వచ్చింది. మన కాంపౌండర్లు సీపీఎం అని పిలిచేది, నేటికీ జలుబు బిళ్లల్లో, పిల్లల దగ్గు సిరప్‌లలో ఉండేది అదే. అవిల్ పేరుతో మనందరికీ తెలిసిన ఫెనిరమిన్ దానికి దగ్గరి చుట్టం. ఈ పాత మందుల అణువులు చిన్నవి, కొవ్వులో ఇట్టే కరుగుతాయి. రక్తానికీ మెదడుకూ మధ్య ఉన్న రక్షణ పొర కొవ్వుతో నిండినదే కాబట్టి సులువుగా దాటేస్తాయి.

ఎంత దాటుతాయో కొలిచినవారు జపాన్‌లోని సెండైలో తొహోకు విశ్వవిద్యాలయం శాస్త్రవేత్త కజుహికో యనాయ్, ఆయన బృందం. బిళ్ల మింగిన మనిషిని పెట్ స్కాన్ కింద పడుకోబెట్టి, మెదడులోని హెచ్1 రిసెప్టర్లలో ఎన్నిటిని మందు ఆక్రమించిందో లెక్కగట్టారు. క్లోర్‌ఫెనిరమిన్ మామూలు మోతాదులోనే సగం దాకా ఆక్రమించింది. సెట్రిజిన్ 10 మిల్లీగ్రాములకు సుమారు 13 శాతం, 20 మిల్లీగ్రాములకు 25 శాతం. కొత్త తరానికి చెందిన ఫెక్సోఫెనడిన్‌కు వచ్చిన అంకె దాదాపు సున్నా. మత్తు మందు, మత్తు లేని మందు అన్న తేడాకు ఇంతకన్నా గట్టి కొలబద్ద లేదు.

అయినా నిద్ర వస్తే పడుకుంటాం, రాకపోతే పని చేసుకుంటాం, ఇందులో ఏముంది అనుకోవచ్చు. ఉంది. అమెరికాలోని అయోవాలో ర్యాగ్‌వీడ్ అలర్జీ ఉన్న 40 మందిని డ్రైవింగ్ సిమ్యులేటర్‌లో కూర్చోబెట్టి చేసిన పరీక్ష ఫలితాలు 2000లో వచ్చాయి. ఒక వారం ఫెక్సోఫెనడిన్, ఒక వారం డైఫెన్‌హైడ్రమిన్, ఒక వారం మద్యం, ఒక వారం ఏ మందూ లేని బిళ్ల. ముందు వెళ్లే కారు వేగాన్ని బట్టి తమ వేగాన్ని సరిచూసుకోవడంలో డైఫెన్‌హైడ్రమిన్ వేసుకున్నవారు మద్యం తాగినప్పటికన్నా అధ్వానంగా నడిపారు. ఆ మద్యం తక్కువేమీ కాదు, రక్తంలో 0.1 శాతం. మన మోటారు వాహనాల చట్టం ఒప్పుకునేది 0.03 శాతమే. ఫెక్సోఫెనడిన్ వేసుకున్నవారు ఏ మందూ లేనివారిలాగే నడిపారు.

ఆ పరీక్షలో ఇంకొక సంగతి తేలింది, నన్ను బాగా కలవరపెట్టింది అదే. ఎంత నిద్రగా ఉందో చెప్పమని అడిగితే వాళ్లిచ్చిన జవాబుకూ, బండి ఎంత చెడుగా నడిపారన్నదానికీ పెద్దగా పొంతన కుదరలేదు. అంటే "నాకు అలవాటే, నాకు మత్తు రాదు" అనే మాటను నమ్మడానికి లేదు. చేతులు మొద్దుబారిన సంగతి మనిషికి తెలియదు. రాత్రి బస్సు నడిపే డ్రైవర్లు, తెల్లవారుజామున పాలవ్యాన్ తీసేవారు, ఎత్తయిన సెంట్రింగ్ మీద పనిచేసే మేస్త్రీలు, జలుబు చేస్తే ఏ బిళ్ల మింగుతున్నారో అడిగేవాళ్లు మన దగ్గర ఎవరున్నారు?

"రాత్రి వేసుకుంటే పొద్దుటికి దిగిపోతుంది" అన్నది ఇంకో నమ్మకం. పెద్దవారిలో క్లోర్‌ఫెనిరమిన్ సగానికి తగ్గడానికే ఇరవై గంటల పైన పడుతుంది. రాత్రి పదింటికి మింగిన బిళ్ల మర్నాడు పరీక్ష హాల్లో కూడా మీతోనే ఉంటుంది. నిద్ర వచ్చినట్టే ఉంటుంది గానీ కలలు వచ్చే దశ తగ్గి, నిద్ర నాణ్యత చెడుతుంది.

పరీక్షల మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. బ్రిటన్‌లో 15 నుంచి 17 ఏళ్ల విద్యార్థులు 1,834 మందిని పరిశీలించి 2007లో ప్రచురించిన అధ్యయనం ఉంది. పుప్పొడి అలర్జీ బాధ పడుతూ పరీక్ష రాసినవారికి, చలికాలం మాక్ పరీక్షలో వచ్చిన గ్రేడు వేసవిలో అసలు పరీక్షకు వచ్చేసరికి పడిపోయే అవకాశం దాదాపు 40 శాతం ఎక్కువ. మత్తు తెచ్చే అలర్జీ మందు వాడినవారికి 70 శాతం ఎక్కువ. మార్చిలో ఇంటర్, టెన్త్ పరీక్షలు రాసే పిల్లలున్న ఇళ్లలో ఈ రెండు అంకెలూ గోడ మీద రాసి పెట్టుకోవాల్సినవి. అలర్జీని అలా వదిలేసినా నష్టమే, తప్పుడు మందుతో ఆపితే ఇంకా నష్టం.

పెద్ద వయసువారికి మరీ ప్రమాదం. పాత మందులు హిస్టమిన్‌తో ఆగవు, అసిటైల్‌కోలిన్ అనే మరో రసాయనాన్నీ అడ్డుకుంటాయి. నోరు ఎండిపోవడం, మలబద్ధకం, ప్రోస్టేట్ సమస్య ఉన్నవారికి మూత్రం బిగుసుకోవడం, కొందరికి తికమక, రాత్రి లేచి నడుస్తూ పడిపోవడం. వృద్ధులకు వీలైనంత వరకు ఇవ్వకూడని మందులంటూ అమెరికా వృద్ధాప్య వైద్యుల సంఘం ప్రచురించే బీర్స్ జాబితాలో ఇవి ఉన్నాయి. పిల్లల విషయంలోనూ క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిసిన మందులను నాలుగేళ్ల లోపు వారికి వాడరాదని లేబుల్ మీద ముద్రించాలంటూ మన కేంద్ర ఔషధ నియంత్రణ అధికారులు 2023 డిసెంబరులో ఆదేశించారు.

పనికిరాదనుకున్న మందు

మత్తు లేని మందు కావాలని ఎవరూ పథకం వేసుకుని కూర్చోలేదు. 1973లో సిన్సినాటీలోనే ఒక కంపెనీ రసాయన శాస్త్రవేత్తలు మనసును నెమ్మదింపజేసే మందు కోసం వెతుకుతూ టెర్ఫెనడిన్‌ను తయారుచేశారు. మెదడు మీద పనిచేయాల్సిన మందు మెదడులోకి వెళ్లనే లేదు. అలాంటిది పనికిరాదు కదా. కానీ దాని నిర్మాణం యాంటీ హిస్టమిన్లను పోలి ఉందని గమనించి ఆ కోణంలో పరీక్షించారు. తుమ్ములు తగ్గాయి, మత్తు రాలేదు. మొదట లోపం అనుకున్నదే దాని గొప్పదనం అయింది. 1985లో సెల్డేన్ పేరుతో అమెరికా మార్కెట్లోకి వచ్చి కోట్లాది మందికి చేరింది.

1990లో అమెరికా వైద్యులు ఒక కేసును ప్రచురించారు. 39 ఏళ్ల మహిళ. టెర్ఫెనడిన్ వాడుతున్నారు. ఫంగస్ ఇన్‌ఫెక్షన్‌కు కీటోకొనజోల్ కూడా మొదలుపెట్టారు. ఉన్నట్టుండి స్పృహ తప్పడం మొదలైంది. ఈసీజీ తీస్తే గుండె లయ ప్రాణాంతకంగా చెదిరిపోయి ఉంది.

ఏం జరిగిందో తేల్చడానికి శ్రమ పడాల్సి వచ్చింది. మనం మింగిన టెర్ఫెనడిన్ దాదాపుగా అలాగే రక్తంలో తిరగదు. పేగు నుంచి కాలేయం దాటేలోపే సిప్3ఏ4 అనే ఎంజైము దాన్ని వేరే పదార్థంగా మార్చేస్తుంది. అలర్జీ తగ్గించేది ఆ రెండో పదార్థం. కీటోకొనజోల్, ఎరిత్రోమైసిన్ లాంటి మందులు ఆ ఎంజైమును కట్టేస్తాయి. గ్రేప్‌ఫ్రూట్ రసం కూడా అంతే. అప్పుడు మారని టెర్ఫెనడిన్ రక్తంలో పేరుకుపోయి, గుండె కణాల్లో పొటాషియం బయటికి వెళ్లే దారిని మూసేస్తుంది. ప్రతి కొట్టుడు తర్వాత గుండె సర్దుకోవడానికి ఆ దారి తెరిచి ఉండాలి.

పరిష్కారం కళ్లెదుటే ఉంది. మన కాలేయమే రోజూ తయారుచేస్తున్న ఆ రెండో పదార్థాన్ని బిళ్లగా ఇస్తే సరిపోతుంది కదా. అదే ఫెక్సోఫెనడిన్. గుండె జోలికి పోదు, మెదడు జోలికి పోదు, అలర్జీ మీద పనిచేస్తుంది. 1996లో అమెరికాలో దానికి అనుమతి వచ్చింది, 1998లో టెర్ఫెనడిన్ వెళ్లిపోయింది. మరుసటి ఏడాది దాదాపు అదే గుండె దోషంతో ఆస్టెమిజోల్ కూడా అక్కడ ఆగిపోయింది. మన దేశంలో ఈ రెండింటినీ 2003లో నిషేధించారు. ఈ రెండు మందుల ఉదంతం తర్వాత ప్రపంచంలో ఏ కొత్త మందు తయారుచేసినా గుండెలోని ఆ పొటాషియం దారిని మూస్తుందేమో చూడటం తప్పనిసరి అయింది. ఒక జలుబు బిళ్ల నేర్పిన పాఠం ఇవాళ క్యాన్సర్ మందులకూ రక్షణగా ఉంది.

ఫెక్సోఫెనడిన్ మెదడులోకి ఎందుకు వెళ్లదన్నదానికి రెండు కారణాలున్నాయి. దాని అణువు మీద విద్యుదావేశం ఉంటుంది కాబట్టి కొవ్వు పొరలో కరగదు. ఎలాగో లోపలికి దూరిన కొద్దిపాటి అణువులను పి-గ్లైకోప్రొటీన్ అనే పంపు పట్టి మళ్లీ రక్తంలోకి తోసేస్తుంది. పాత మందులకు ఆ పంపు అడ్డు లేదు.

అన్నీ ఒకటి కాదు

మన దగ్గర అందరి నోటా నానే సెట్రిజిన్ కథ వేరు. బెల్జియం కంపెనీ యూసీబీ 1950లలో తెచ్చిన హైడ్రాక్సిజిన్ దురదకు బాగా పనిచేసేది, మత్తు మాత్రం ఎక్కువ. అది ఒంట్లో మారి ఏర్పడే పదార్థమే సెట్రిజిన్. అందులో పనిచేసే సగాన్ని వేరుచేస్తే లెవోసెట్రిజిన్. ఈ వంశానికి హైదరాబాద్‌తో చుట్టరికం కూడా ఉంది. హైడ్రాక్సిజిన్ బ్రాండ్ అటరాక్స్, లెవోసెట్రిజిన్ బ్రాండ్ జైజల్‌లతో సహా యూసీబీ భారత వ్యాపారంలో కొంత భాగాన్ని 2015లో డాక్టర్ రెడ్డీస్ 800 కోట్ల రూపాయలకు కొన్నది.

సెట్రిజిన్‌ను మత్తు లేని మందుగా అమ్ముతుంటారు. నా దృష్టిలో ఆ మాట పూర్తిగా నిజం కాదు. అమెరికాలో దాని వివరపత్రంలోనే 10 మిల్లీగ్రాములు వేసుకున్నవారిలో 14 శాతం మందికి మగత వచ్చిందని, మందు లేని బిళ్ల వేసుకున్నవారిలో 6 శాతం మందికే వచ్చిందని ఉంది. అమెరికా విమానయాన అధికారులు పైలట్లకు ఫెక్సోఫెనడిన్‌నూ లొరాటడిన్‌నూ ఒప్పుకుంటారు, సెట్రిజిన్‌నూ లెవోసెట్రిజిన్‌నూ ఒప్పుకోరు. సీపీఎంతో పోలిస్తే సెట్రిజిన్ ఎన్నో రెట్లు మేలు. కానీ స్టీరింగ్ పట్టేవారికి మొదటి ఎంపిక అది కాదు. ఫెక్సోఫెనడిన్, లొరాటడిన్, డెస్‌లొరాటడిన్, బిలాస్టిన్ అంతకన్నా మెరుగు. వీటిలో చాలావరకు జనరిక్ రూపంలోనూ దొరుకుతున్నాయి.

మింగే పద్ధతీ ముఖ్యమే. ఫెక్సోఫెనడిన్‌ను యాపిల్, ఆరెంజ్ లాంటి పండ్ల రసాలతో తీసుకుంటే పేగులో దాన్ని లోపలికి చేర్చే దారి మూసుకుపోయి మందు సగం కూడా ఒంటికి పట్టకపోవచ్చు. గ్యాస్‌కు వాడే అల్యూమినియం, మెగ్నీషియం మందులతో కలిపినా సరిగా పట్టదు. మంచినీళ్లతోనే మింగాలి. బిలాస్టిన్ అయితే తినడానికి గంట ముందు గానీ తిన్న రెండు గంటలకు గానీ వేసుకోవాలి. సెట్రిజిన్ ఎక్కువగా మూత్రం గుండా పోతుంది కాబట్టి కిడ్నీ జబ్బు ఉన్నవారికి డాక్టర్లు మోతాదు తగ్గిస్తారు. నెలలు, ఏళ్ల తరబడి రోజూ సెట్రిజిన్ గానీ లెవోసెట్రిజిన్ గానీ వాడి ఒక్కసారిగా ఆపితే కొందరిలో ఒళ్లంతా తీవ్రమైన దురద వస్తోందని అమెరికా ఔషధ సంస్థ 2025 మేలో హెచ్చరించింది. అలాంటి కేసులు అరుదు. దీర్ఘకాలం వాడినవారు సొంతంగా ఆపకుండా డాక్టరుతో మాట్లాడి ఆపితే మంచిది.

లెవోసెట్రిజిన్, మాంటెలుకాస్ట్ కలిపిన బిళ్ల ఇప్పుడు ప్రతి ఇంటి మందుల డబ్బాలో కనిపిస్తోంది. మాంటెలుకాస్ట్ వల్ల కొందరిలో ఆందోళన, పీడకలలు, ఆత్మహత్య ఆలోచనల వంటివి రావచ్చని అమెరికాలో 2020లో అత్యున్నత స్థాయి హెచ్చరిక పెట్టారు. మామూలు తుమ్ములకు అది అవసరమా కాదా డాక్టరే తేల్చాలి, పక్కింటివారి స్ట్రిప్ చూసి కాదు.

చేతకానివి

తుమ్ములు, దురద, కారే ముక్కు, నీళ్లు కారే కళ్లు, దద్దుర్లు... వీటి మీద ఈ మందులది పైచేయి. ముక్కు దిబ్బడ మీద అంత పట్టు లేదు. హిస్టమిన్ మొదలుపెట్టిన గొడవ కొన్ని గంటల తర్వాత ఇతర కణాల, ఇతర రసాయనాల చేతికి పోతుంది, దిబ్బడలో వాటి పాత్ర ఎక్కువ. నెలల తరబడి దిబ్బడతో బాధపడేవారికి ముక్కులో కొట్టుకునే స్టెరాయిడ్ స్ప్రే ఎక్కువ మేలు చేస్తుంది. స్టెరాయిడ్ అనగానే మనవాళ్లు భయపడతారు గానీ డాక్టరు చెప్పిన మోతాదులో ఆ స్ప్రే నుంచి రక్తంలోకి వెళ్లేది బహు తక్కువ. భయపడాల్సింది షాపులో అడగ్గానే ఇచ్చే జైలోమెటజోలిన్ లాంటి ముక్కు చుక్కలకు. రోజుల తరబడి వాడితే మానగానే దిబ్బడ ఇంకా పెరిగి, చుక్క లేనిదే ఊపిరాడని స్థితి వస్తుంది.

ఉబ్బసానికి ఇన్‌హేలర్‌కు బదులుగా ఈ బిళ్లలు పనికిరావు. మొండి దద్దుర్లకు చర్మ వైద్యులు కొత్త తరం మందునే నాలుగు రెట్ల దాకా పెంచడం ఉంది, అది వాళ్ల పర్యవేక్షణలోనే. అన్నిటికన్నా ముఖ్యం, ఏదైనా తిన్నాక గానీ, కందిరీగ కుట్టాక గానీ, ఇంజక్షన్ తర్వాత గానీ గొంతు బిగుసుకుని, ఊపిరి అందక, కళ్లు తిరుగుతుంటే అది అనఫిలాక్సిస్. అప్పుడు ప్రాణం నిలిపేది తొడ కండరంలోకి ఇచ్చే అడ్రినలిన్ ఇంజక్షన్ ఒక్కటే. బిళ్ల మింగించి చూద్దామని ఒక్క నిమిషం కూడా ఆగకండి, 108కి ఫోన్ చేయండి, దగ్గరి ఆసుపత్రికి పరుగెత్తండి.

మామూలు రోజుల్లో తుమ్ములకు బిళ్ల కొనేటప్పుడు మాత్రం షాపతన్ని రెండు మాటలు అడగండి. ఇందులో సీపీఎం ఉందా? ఉంటే మత్తు లేనిది ఇంకేముంది? స్ట్రిప్‌ను మందు పేరు, గడువు తేదీ మిగిలేలా కత్తిరించమనండి. మీ ఇంట్లో బండి నడిపేవారో, పరీక్ష రాసే పిల్లలో, అరవై దాటిన అమ్మానాన్నలో ఉంటే మందుల డబ్బాలోని పాత జలుబు బిళ్లలు ఇవాళే తీసి చూడండి.